ఆనవాలు మరిచిన ఇల్లు

శేషగిరి ప్రతి ఆదివారం పేపర్లో టెక్నాలజీ కబుర్ల మీద ఒక కాలమ్ రాసేవాడు. కబుర్లు ఎవరో తెచ్చేవారు, వాటి మీద విసుగు మాత్రం ఆయన సొంతం. నిద్రను కొలిచే దిండు మార్కెట్లోకి వచ్చిందంటే, మనిషికి కునుకు కూడా మిగల్చరా అని రాసేవాడు. మనం ఏం తింటున్నామో ఫ్రిజ్ వెళ్ళి డాక్టరుకు చెబుతుందంటే, అత్తగారు లేని లోటు ఇలా తీరిందన్నమాట అని రాసేవాడు. చదివినవాళ్ళు నవ్వుకుని, ఆ దిండూ ఆ ఫ్రిజ్జూ కొనుక్కునేవారు.

ఆయన భార్య హైమవతి అలాంటి వస్తువులకు ప్రోగ్రాములు రాసే మనిషి. విశాఖపట్నంలో ఎండాడ కొండవాలున ఉన్న ఒక ల్యాబ్‌లో పెద్ద ఇంజినీరు. ఆవిడ పొద్దున రాసినదాని మీద ఆయన సాయంత్రం దుమ్మెత్తిపోసేవాడు. మధ్యాహ్నం ఆవిడ సర్దిపెట్టిన క్యారియరే తినేవాడు. హైమ దీన్ని పెద్దగా పట్టించుకునేది కాదు. శేషగిరి ఆవిడకు స్వయానా మేనమామ కొడుకు. గౌన్లు తొడుక్కునే రోజుల నుంచీ బావా అని పిలుస్తూ, ఆయన వాదనలు వింటూ పెరిగింది. పెళ్ళయ్యాక వాదనలేమీ మారలేదు, వినే ఇల్లు మారిందంతే.

ఆ రోజుల్లో ఊరంతా ఆనవాలు అనే ఏర్పాటు మీద నడిచేది. బస్సు తలుపుకి, రేషను షాపుకి, ఆస్పత్రికి, కాలేజీ గేటుకి, అన్నిటికీ ఒక కన్ను ఉండేది. అది మొహం చూసి మనిషిని పోల్చుకుని దారి ఇచ్చేది. తాళంచెవులూ కార్డులూ ఎలా ఉంటాయో జనం మరిచిపోయారు. శేషగిరికి ఆనవాలంటే ఒళ్ళుమంట. మనిషికి తెలుసుకునే హక్కుతో పాటు ఎవరికీ తెలియకుండా ఉండిపోయే హక్కు కూడా కావాలని ఏడాదిలో సగం ఆదివారాలు రాసేవాడు. రాతలో అంత గుట్టు కోరే ఈ పెద్దమనిషి నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఆయన చెల్లెలు నీరజకు ఈ హక్కు ప్రాణం మీదికొచ్చిన సంగతి. మొగుడు మురహరి చెయ్యి చేసుకునే రకం. ఆమె విడాకులు తెచ్చుకుంది. ఆమె జోలికి పోవద్దని కోర్టు చెప్పినా అతను వినలేదు. నీరజ ఊరు మారితే ఆ ఊరొచ్చేవాడు, ఉద్యోగం మారితే ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. చట్టంలో వీలుంది కాబట్టి నీరజ ఆనవాలులోంచి తన ఫొటోలూ వివరాలూ అన్నీ తీయించేసుకుంది. అయినా దొరికిపోయేది. వెతుకుడు కంపెనీలని కొన్ని పుట్టుకొచ్చాయి. పెళ్ళి ఆల్బం తీసుకెళ్ళి ఇస్తే చాలు, అన్న ముక్కూ తల్లి కళ్ళూ ఆనవాలుకు చూపించి, ఈ పోలికల ఆడమనిషి ఫలానా బస్టాండులో దిగిందని చెప్పేసేవి. నీరజను చెరిపేసినా చుట్టాల మొహాల్లో నీరజ మిగిలే ఉండేది. ఆమె గడప దాటితే మొహానికి చున్నీ చుట్టుకునే దాటేది.

ఈ ముడి విప్పడానికే హైమ మరుగు అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది. ఆనవాలు జ్ఞాపకంలో ఉన్న చుట్టాల మొహాలన్నీ మరుగు తిరిగి చూస్తుంది. అన్నలో చెల్లెలి పోలిక ఎంత ఉండాలో అంతవరకూ ఒప్పుకుంటుంది, అక్కడినుంచి చెల్లెలి దగ్గరికి వెళ్ళే దారిని మూసేస్తుంది. ఆ తరవాత కాపలా కూర్చుంటుంది. చెరిపేసిన మొహం మళ్ళీ ఎప్పుడొచ్చినా, ఎవరు తెచ్చి పెట్టినా, లోపలికి రానివ్వదు. ల్యాబ్‌లో పనిచేసే కొందరి మీదా, ముందుకొచ్చిన కొన్ని కుటుంబాల మీదా పరీక్షలు చేశారు. అన్నీ బాగానే వచ్చాయి. శేషగిరి ఆ వారం మొదటిసారి భార్య పనిని మెచ్చుకుంటూ రాశాడు. మెచ్చుకోవడం అలవాటు లేక ఆ కాలమ్ సగానికే అయిపోయింది.

నీరజను మరుగు చేసిన రోజు హైమకు బాగా గుర్తు. చున్నీ చుట్టుకుని వచ్చిన ఆడపడుచును పక్కన కూర్చోబెట్టుకుని, మెషీనుకు కుటుంబం ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది. మెషీను ఒక్కో మొహం దగ్గరా ఆగి, ఈమెకు ఏమవుతారు, రక్తసంబంధమా, పెళ్ళి సంబంధమా అని అడిగేది. శేషగిరి దగ్గర అన్న, రక్తం అని చెప్పారు. తరళ దగ్గర అన్న కూతురు, రక్తం అన్నారు. తరళ హైమ కూతురు. ఇంటరు అయి డిగ్రీలో చేరబోతోంది. చివరికి హైమ ఫొటో దగ్గర ఆగి మెషీను అదే ప్రశ్న వేసింది.

"అన్న భార్య. పెళ్ళి సంబంధం," అంది హైమ, ఇందులో ఆలోచించడానికేముందన్నట్టు.

నీరజ కూడా తలూపింది. కాసేపటికి మెషీను పని అయిపోయిందని చెప్పింది. హైమ కింద పనిచేసే ఫరీదా, వెతుకుడు కంపెనీలు వెతికే పద్ధతులన్నీ ప్రయోగించి చూసింది. శేషగిరి ముక్కు చూపించినా, వాళ్ళ అమ్మ కళ్ళు చూపించినా ఇలాంటి మనిషి లేదనే జవాబొచ్చింది. నీరజ హైమ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ చున్నీ చుట్టుకునే వెళ్ళింది.

మర్నాడు పొద్దున తరళకు బస్సు తలుపు తెరుచుకోలేదు. వెనకున్నవాళ్ళు ఎక్కారు, ముందున్నవాళ్ళు ఎక్కారు, ఈ పిల్ల దగ్గరకొచ్చేసరికి తలుపు బిగుసుకుపోయింది. మొహం కడుక్కుని రామ్మా అని డ్రైవరు హాస్యమాడాడు. అదే గంటలో హైమ తన ల్యాబ్ గుమ్మం ముందు నిలబడి ఉంది. ఆ గుమ్మానికి ప్రోగ్రాము రాసింది కూడా ఆవిడే. అది ఆవిడను ఎగాదిగా చూసి, మీరెవరో తెలియదు, దయచేసి పక్కకు తప్పుకోండి అంది. ఫరీదా లోపలినుంచి వచ్చి తలుపు తీస్తే గానీ ఆవిడ సీటు దగ్గరికి చేరలేకపోయింది.

ఎక్కడో చిన్న పొరపాటు జరిగుంటుంది, కొత్త ఫొటో తీసి పెడితే సరిపోతుందనుకున్నారు. ఫొటో పెట్టారు. మరుగు దాన్ని బయటికి విసిరేసింది. ఇంకోటి పెట్టారు, అదీ అంతే. తరళ ఫొటోదీ అదే గతి. మరుగు ఎవరిని విసిరేస్తుందో హైమకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నిన్న ఏ మొహం దగ్గర మెషీను ఏమనుకుందో అడుగు అడుగూ వెనక్కి నడిపించి చూశారు. హైమ ఫొటో దగ్గరికొచ్చేసరికి ఫరీదా ఆగిపోయి, తల పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టింది.

"అక్కా, సారు మీ మేనమామ కొడుకు. అంటే నీరజగారు మీ మేనమామ కూతురు. మీది పెళ్ళి సంబంధమొక్కటే అని ఎలా చెప్పారక్కా?"

అదీ జరిగింది. రక్తసంబంధం లేదని చెప్పిన మనిషి మొహంలో నీరజ గడ్డమూ నీరజ నుదురూ కనబడేసరికి, ఇది వేరే పేరుతో దాక్కున్న నీరజేనని మెషీను తేల్చుకుంది. తరళకు తండ్రి వైపునుంచి ఒక వాటా పోలిక, తల్లి వైపునుంచి ఇంకో వాటా. అన్న కూతురికి ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఇదీ నీరజ ముక్కేనని ఆ పిల్లనూ తుడిచేసింది. తోడబుట్టినవాడుగా చెప్పారు కాబట్టి శేషగిరి ఒక్కడూ మిగిలాడు. మేనరికాలు చేసుకునే జనం ఉన్న ఊళ్ళో, మేనరికం చేసుకున్న మనిషి రాసిన ప్రోగ్రాముకు మేనరికమనే మాట తెలియదు. బావను పెళ్ళి చేసుకున్నాక, ముందున్న చుట్టరికం విడిగా లెక్కలోకి వస్తుందని హైమకు ఏనాడూ తోచలేదు. చెప్పిన ఫరీదా కూడా సొంత చిన్నాన్న కొడుకును చేసుకున్న మనిషే. మా ఇంట్లో ఎవర్ని పెట్టినా ఇదే అయ్యేది కదక్కా అంటూ కూలబడింది.

ప్రోగ్రామును దిద్దడం కష్టం కాలేదు. ఇకమీదట మెషీను ఒక చుట్టరికం చెప్పగానే ఊరుకోకుండా ఇంకేమవుతారని కూడా అడిగేట్టు ఆ సాయంత్రానికే మార్చేశారు. జరిగిపోయినదాన్నే దిద్దడం కుదరలేదు. మరుగుకు ముందు ఆనవాలు ఎలా ఉండేదో దాని కాపీ ఒకటి ల్యాబ్‌లో ఉంది. దాన్ని వెనక్కి ఎక్కిస్తే హైమా తరళా తిరిగొస్తారు, వాళ్ళతో పాటే నీరజ కూడా తిరిగొస్తుంది. ముగ్గురి మొహాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఇద్దర్ని లాగి ఒకర్ని ఆపే దారి లేదు. దిద్దిన మరుగు మళ్ళీ చెరిపేలోపే వెతుకుడు కంపెనీలు ఆమెను పట్టేస్తాయి, మురహరి కళ్ళలో ఒకసారి పడ్డాక చెరిపి లాభమేముంటుంది. పైగా ఆ పాత కాపీని శుక్రవారానికల్లా ధ్వంసం చెయ్యాలని చట్టం. అది పోతే ఈ తల్లీకూతుళ్ళు ఆనవాలుకు ఎప్పటికీ కొత్త మనుషులే.

హైమ ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. శేషగిరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, పాత కాపీ వెంటనే ఎక్కించమన్నాడు. పిల్ల కాలేజీలో చేరాలి, పరీక్షలు రాయాలి, జ్వరమొస్తే ఆస్పత్రిలోకి వెళ్ళాలి, ఎవరికీ తెలియకుండా ఎలా బతుకుతుందన్నాడు. తెలియకుండా బతికే హక్కు కావాలని నువ్వే కదా రాశావంది హైమ. అది రాత, ఇది కూతురు అన్నాడాయన. హైమకు కోపం రావాల్సిందే, రాలేదు. ఆవిడ మనసులోనూ అదే మాట తిరుగుతోంది. తన కూతుర్ని తన చేత్తోనే లేకుండా చేశానన్న బాధ అన్నం మింగనివ్వలేదు. ఇంకో వైపు చూస్తే నీరజ. కాపీ ఎక్కించడమంటే ఆమెను పట్టుకెళ్ళి మురహరికి అప్పజెప్పడమే.

చూస్తూండగా బుధవారం దాటింది. నీరజకు ఈ సంగతి ఎవరు చెప్పారో ఆలోచించాల్సిన పనిలేదు, ఇంట్లో నువ్వుగింజ నానని నోరు ఒక్కటే. గురువారం పొద్దున్నే ఆమె గుమ్మంలో ఉంది. హైమ ముందు ఆమెను పోల్చుకోలేదు. చున్నీ లేదు. జడ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, ఎండకు కాస్త కందిన మొహంతో నవ్వుతోంది. బస్టాండు నుంచి నడిచే వచ్చానని, దారిలో ఒక బండి దగ్గర నిలబడి ఇడ్లీ కూడా తిన్నానని చెప్పింది. వచ్చి కూర్చోగానే, పాత కాపీ ఎక్కించెయ్ వదినా అంది. ఈ నాలుగు రోజులూ చాలు, పసిపిల్ల బతుకు నాకోసం పాడుచెయ్యకండి అంది. శేషగిరి చెల్లెలి మొహంలోకి చూడలేక, నీకు ఇంకో దారేదైనా వెతుకుదాంలే అన్నాడు.

తరళ అంతా వింది. అత్తా, బీచికి వెళ్దాం రా అని నీరజను లాక్కుపోయింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎండ వాలిపోతోంది. ఇద్దరి పాదాలకూ ఇసుక. ఒకరి పక్కన ఒకరు నిలబడితే ఆ ముక్కూ ఆ గడ్డమూ ఒక్కలాగే ఉన్నాయి. మెషీను పొరబడిందంటే పొరబడదూ అనిపించింది హైమకు.

"ఆ కాపీని చెరిపెయ్యమ్మా," అంది తరళ.

శేషగిరి నెమ్మదిగానే చెప్పి చూశాడు. నీకు పదిహేడేళ్ళు, ఇవాళ ఇలాగే అనిపిస్తుంది, రేపు ప్రతి గుమ్మం దగ్గరా ఆపేస్తుంటే ఏడుస్తావు అన్నాడు.

"ఏడుస్తానేమో నాన్నా. అప్పుడు మీరిద్దరూ ఉంటారుగా. అత్త ఏడ్చినప్పుడు ఎవరున్నారు?"

ఉన్నాం కదే, మేం లేమా అన్నాడు శేషగిరి. ఆ మెషీనులే లేకపోతే వాడు నా చెల్లెల్ని ఏనాటికీ పట్టుకోగలిగేవాడు కాదన్నాడు. అప్పటిదాకా తల వంచుకుని పాదాల ఇసుక దులుపుకుంటున్న నీరజ తలెత్తింది.

"మొదటిసారి వాడికి నా అడ్రసు చెప్పింది మెషీను కాదన్నయ్యా," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు. ఇంటి అల్లుడు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడని చెప్పేశావు. కాపరం నిలబడుతుందనుకున్నావు. నాకు తెలుసులే."

హైమకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. శేషగిరి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత, పిల్ల చెప్పినట్టే కానీ హైమా అన్నాడు.

నీరజ వెళ్ళేటప్పుడు ఆటో దాకా అన్నయ్యే సాగనంపాడు. ఆటో ఎక్కబోతూ ఆమె ఆగి, ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. తను ఉంటున్న ఊరు చెబుతోందని వీధి గుమ్మంలో నిలబడ్డ హైమకు అర్థమైంది. ఇంతమందిలో ఈయనకే ఎందుకు చెప్పిందో మాత్రం అర్థం కాలేదు. శుక్రవారం హైమా ఫరీదా కలిసి పాత కాపీని ధ్వంసం చేశారు.

తరళకు ఏడుపు రావడానికి నెల కూడా పట్టలేదు. ఆనవాలులో లేనివాళ్ళకు, ఉన్నవాళ్ళెవరైనా వచ్చి పూచీ పడితే లోపలికి రానివ్వాలని చట్టంలో ఒక మూల రాసి ఉంది, నీరజ ఇన్నాళ్ళూ బస్సులెక్కింది అలాగే. ఇంట్లో ఆనవాలు ఎరిగిన మనిషి శేషగిరి ఒక్కడే. అందుకని ఆయన కాలేజీ గేటు దగ్గరికి వెళ్ళి, ఈ అమ్మాయి నా కూతురని రోజూ ఆ కంటికి చెప్పేవాడు. అక్కడినుంచి ల్యాబ్‌కు వెళ్ళి, ఈవిడ నా భార్య అని చెప్పేవాడు. తోటిపిల్లలు బిలబిలా లోపలికి వెళ్ళిపోతుంటే తండ్రి వచ్చేదాకా తరళ గేటు బయట నిలబడాల్సొచ్చేది. స్నేహితురాళ్ళు సినిమాకు వెళ్ళిన రోజు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. హైమ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. అయినా ఆ పిల్ల తప్పు చేశానని మాత్రం ఎప్పుడూ అనలేదు. దిద్దిన మరుగును ల్యాబ్ బయటికి విడుదల చేసింది. ఎందరో ఆడవాళ్ళు దాని వెనక్కి చేరారు. దాని గురించి రాయమని పేపరువాళ్ళు ఎంత అడిగినా శేషగిరి రాయలేదు. ఆ వారం మామిడిపండ్లను వాసన చూసి ఏరే మెషీను మీద రాశాడు.

మురహరి ఒక సాయంత్రం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. మనిషి చిక్కిపోయాడు. శేషగిరి వరండాలోకి వెళ్ళాడు, కూర్చోమనలేదు. హైమ హాల్లో తలుపు వెనక ఆగిపోయింది. వెతుకుడు కంపెనీలన్నీ తిరిగానని, అసలు అలాంటి మనిషే లేదంటున్నారని మురహరి మెల్లగా చెప్పాడు. తాగడం మానేశానన్నాడు. ఒక్కసారి కాళ్ళు పట్టుకుంటాను బావగారూ, ఎక్కడుందో చెప్పండి అన్నాడు. చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే ఎవరికైనా గుండె కరుగుతుంది. హైమ ఇన్నేళ్ళు కూర్చుని రాసిందంతా ఇప్పుడు ఈయన నాలుక మీద నిలబడి ఉంది.

"నాకు తెలీదండీ," అన్నాడు శేషగిరి.

తోడబుట్టినదాని సంగతి తెలీకపోవడమేమిటన్నాడు మురహరి. తెలీదన్నాడు మళ్ళీ. క్షేమంగా ఉందో లేదో అదైనా చెప్పమన్నాడు. శేషగిరి దానికీ తల అడ్డంగా ఊపాడు. అంతలో కాలేజీ నుంచి తరళ వచ్చింది. ఆ మొహం చూడగానే మురహరి ఉలిక్కిపడి, ఆనవాలును అడగడానికి చేతిలో ఫోను ఆమె వైపు తిప్పాడు. ఈ మనిషి ఎవరో తెలియదంది ఫోను. తరళ అతన్ని దాటుకుని లోపలికి వచ్చేసింది. మురహరి పళ్ళ సంచీ వరండా గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. శేషగిరి వీధి మలుపు దాకా వెనకాలే వెళ్ళి ఆ సంచీ అతని చేతిలోనే పెట్టి వచ్చాడు.

ఆ పూట అన్నాల దగ్గర ఎవరూ ఈ మాట ఎత్తలేదు. తరళ తిని లేచి వెళ్ళాక, హైమకు ఆడపడుచు మీద బెంగ పుట్టుకొచ్చింది. ఒకసారి వెళ్ళి చూసి రావాలనిపించింది.

"బావా, నీరజ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటోంది?" అని అడిగింది.

శేషగిరి పెరుగన్నం కలుపుతూ తల ఎత్తకుండానే, "నాకు తెలీదు హైమా," అన్నాడు.

హైమ ఏడుపు ఆపుకుంటూ ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.